మా అమ్మాయి కారులో ఊడిరాని ఫిల్టర్

మా అమ్మాయి ఒక సోమవారం పొద్దున్నే ఆసుపత్రిలో ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయింది. ఆ కబురు మీ అందరికీ ఫోన్లలో అందింది. మధ్యాహ్నానికల్లా మీరు వంటలు మోసుకుని వచ్చారు, గుమ్మంలో చెప్పులు విడవడానికి చోటు లేనంతగా ఇల్లు నిండిపోయింది. భూస్థాపన రోజున పాస్టరు గారు "తల్లిగా రెండు మాటలు చెప్పండమ్మా" అన్నారు. లేచి నిలబడ్డాను గాని నోరు పెగల్లేదు. కూర్చుండిపోయాను. ఆ రెండు మాటలే ఇప్పుడు మన సంఘం పత్రికకి రాస్తున్నాను. రెండుకి కాస్త ఎక్కువవుతాయి, ఓపిక పట్టండి.

మంచి నర్సు అని మీలో ఒకరన్నారు. పాట అందుకుంటే చర్చి చివరి బెంచీ దాకా వినబడేదని ఇంకొకరన్నారు. రెండూ నిజమే. కానీ మా అమ్మాయి గురించి చెప్పడానికి లేచి ఆ ఆకుపచ్చ కారు మాట ఎవరూ ఎత్తలేదు. మర్యాదకి ఎత్తలేదేమో. చర్చి పార్కింగ్‌లోకి అది వచ్చిందంటే లోపల ప్రార్థనలో ఉన్నవాళ్ళు కూడా కళ్ళు తెరిచేవాళ్ళు. ఆ కారు గురించి నేను చెప్పకపోతే తన గురించి సగమే చెప్పినట్టు.

ముందు కుట్టు మిషన్ సంగతి చెప్పాలి. మాది రేపల్లె దగ్గర పల్లె. నేను అయిదో తరగతితో బడి మానేసి, పెళ్ళయ్యాక ఇంటి దగ్గర జాకెట్లు కుట్టేదాన్ని. కాళ్ళతో తొక్కే మిషన్. మా అమ్మాయి రెండో తరగతిలో ఉండగా ఒకరోజు బజారుకి వెళ్ళి వచ్చేసరికి ఆ మిషన్ తలకాయ చాప మీద ముక్కలు ముక్కలుగా ఉంది. మరలన్నీ క్యారేజీ మూతలో వరసగా పేర్చి ఉన్నాయి. మర్నాటికి ఇవ్వాల్సిన పెళ్ళివారి జాకెట్లు మంచం మీద ఉన్నాయి. కొడదామని చెయ్యెత్తాను. అది నా మొహం కూడా చూడలేదు.

"ఆగమ్మా, వరస తప్పిపోద్ది" అంది.

పొద్దు గూకేలోపు మళ్ళీ బిగించేసింది. మిషన్ మునుపటికన్నా హాయిగా నడిచింది. కానీ మూతలో ఒక మర మిగిలిపోయింది. దాన్ని పట్టుకుని నా వెనకే తిరిగింది. "మరి ఇది దేనికమ్మా?" నాకేం తెలుసు? మిషన్లు బాగుచేసే ఆయన వస్తే ఆయన్నీ అడిగింది. "అది లేకపోయినా నడుస్తుందిలే పాపా" అన్నాడాయన. "లేకపోయినా నడిచేదాన్ని ఎందుకు పెట్టారు?" అంది. ఆయన టీ తాగడం ఆపి నా వంక చూశాడు. నేను గోడ వంక చూశాను.

అలాంటి పిల్ల నర్సు చదివి, ఈ అమెరికా వచ్చి, మా అల్లుణ్ణి చేసుకుని ఈ అరోరా ఊళ్ళో ఇల్లు తీసుకుంది. వాళ్ళ నాన్న పోయాక నన్ను తన దగ్గరికి తెచ్చుకుంది. మా అల్లుడిది వరంగల్ వైపు. మంచివాడు, నెమ్మది మనిషి, కంప్యూటర్ పని. కారంటే అతనికి ఒకచోట నుంచి ఇంకోచోటికి తీసుకెళ్ళేది, అంతే.

మా పక్క వీధిలో ఒక అమెరికా పెద్దాయన ఉండేవాడు. చూపు తగ్గి డ్రైవింగ్ మానేశాక తన పాత కారుని మా అమ్మాయికి ఇచ్చేశాడు. అది మా వీధి మలుపు తిరుగుతుంటే మా వంటింటి కిటికీ అద్దాలు గలగలలాడాయి. బయటికి పరుగెత్తాను. పొడుగాటి ముక్కు, వెడల్పాటి నడుము, ఆకుపచ్చ రంగు, కింద అంచులంతా తుప్పు.

"మజిల్ కార్ అంటారమ్మా దీన్ని. కండలున్న కారు" అంది మా అమ్మాయి దిగుతూ.

నేను చుట్టూ తిరిగి చూశాను. "కండలెక్కడున్నాయే? తుప్పు తప్ప ఏమీ కనబడటం లేదు."

"లోపలుంటాయి. నీలాగే."

అల్లుడు తలుపు తెరిచి లోపలికి తొంగి చూశాడు. "దీన్కి ఏసీ ఉందా?"

"కిటికీలున్నాయి" అంది.

ఆ కారు ఎప్పుడు తయారయిందో లెక్క చూస్తే నాకన్నా నాలుగైదేళ్ళు చిన్నది. "అయితే నీకు చెల్లెలి వరస, నాకు పిన్ని" అంది. ఆ రోజు నుంచి అది పిన్నే. పిన్నికి దాహం వేసింది, పిన్ని దగ్గుతోంది, పిన్నికి ఇవాళ నూనె మార్చాలి. ఫోన్‌లో ఈ మాటలు విన్న మా ఊరి చుట్టాలు నిజంగానే నాకు చెల్లెలెవరో ఇక్కడున్నారనుకుని, ఆవిడ ఆరోగ్యం కోసం ప్రార్థన కూడా చేశారు.

శనివారం డ్యూటీ లేకపోతే తను గరాజ్‌లోనే ఉండేది. నేను ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ అక్కడే కూర్చునేదాన్ని. కారుని స్టాండ్ల మీదికి ఎత్తి, కింద అట్ట పరుచుకుని దూరేది. బయటికి రెండు పాదాలే కనబడేవి. ఆ పాదాలతోనే నేను మాట్లాడేదాన్ని. ఏం చేస్తున్నావని అడిగితే బొటనవేలు ఊగేది. అంటే ఆగు, చెప్తాను అని. కష్టమైన పని దగ్గర రెండు పాదాలూ ఒకదాన్నొకటి పట్టుకునేవి. అప్పుడు నేను అడిగేదాన్ని కాదు.

ఆయిల్ ఫిల్టర్ అంటే ఏమిటో అలాగే నేర్చుకున్నాను. మనం టీ వడకట్టినట్టు ఇంజన్ తన నూనెని తానే వడకట్టుకుంటుంది. ఆ వడపోత ఒక చిన్న డబ్బాలో ఉంటుంది, కొబ్బరినూనె డబ్బా అంత. నూనె మార్చినప్పుడల్లా ఆ డబ్బా కూడా మార్చాలి. అల్లుడి కారులో అది చెయ్యి చాస్తే అందుతుంది. పిన్నికి మాత్రం పొగ గొట్టాల వెనక, ఇంజన్ పక్క డొక్కలో, ఇనుప కడ్డీల మధ్య దాక్కుని ఉంటుంది. ఒకసారి నేను వంగి టార్చి వేసి చూసి ఆశ్చర్యపోయాను.

"ఇక్కడ పెట్టినోడెవడే? వాడికి చేతుల్లేవా?"

"వాడు పెట్టినప్పుడు చోటుందమ్మా. తర్వాత ఎవరో శబ్దం కోసం లావు గొట్టాలు వేయించారు. వాడనుకున్నాడా పాపం, పిన్ని ఇంత లావెక్కుతుందని."

"మరి నీ చెయ్యి ఎలా పట్టింది?"

పడుకునే చెయ్యి బయట పెట్టి చూపించింది. బొటనవేలు అరచేతిలోకి మడిచి, చిటికెన వేలు దగ్గరికి లాగి, చెయ్యిని తామరమొగ్గలా చేసింది. "గాజులామె చెయ్యి ముడిచేది గుర్తుందా? అలా." మా ఇద్దరివీ ఒకటే చేతులు. చిన్నవి, ఎముక మెత్తనివి. మా ఊళ్ళో గాజులామె మా ఇద్దరికీ ఒకే కొలత గాజులు తీసేది. అల్లుడి చెయ్యి ఆ సందులో మణికట్టు దాకా కూడా వెళ్ళదు.

అన్నీ అడిగే నేను ఒక్కటి మాత్రం అడగలేదు. ఫిల్టర్ మార్చే రోజున, ఏదో ఒక సమయంలో కింద నుంచి కేక వేసేది. "అమ్మా, లోపల కూర్చో!" చిక్కుడుకాయలు పక్కన పెట్టి డ్రైవర్ సీట్లో కూర్చునేదాన్ని. "స్టీరింగ్ ఎడమకి తిప్పు... ఇంకా... ఆగు. ఇప్పుడు కుడికి. మెల్లిగా." తిరగలి తిప్పినట్టు తిప్పేదాన్ని. "అయిపోయింది, దిగు" అనేది. ఎందుకు తిప్పమంటోందో ఏనాడూ అడగలేదు. ఆ పెద్ద సీట్లో కూర్చుంటే ఎదురుగా గరాజ్ తలుపులోంచి వీధంతా కనబడేది. నేనే ఎక్కడికో బయల్దేరుతున్నట్టుండేది. ఆ సంబరంలో అడగడం మర్చిపోయేదాన్ని.

తన మాటలు కొన్ని నా చెవుల్లో అలాగే ఉన్నాయి. "ఇరుక్కుపోయిందనకమ్మా, అలవాటు పడిందను. అలవాటు పడినదాన్ని లాక్కూడదు. బతిమాలాలి." వార్డులో మంచం దిగనని మొండికేసే ముసలాళ్ళ గురించి కూడా ఇదే అనేదట. తన తోటి నర్సు ఒకావిడ భూస్థాపనకి వచ్చి నాతో చెప్పింది. ఇంకొకటి, "ఫిల్టర్‌ని చేత్తోనే బిగించాలి. రెంచి ముట్టకూడదు. మళ్ళీ విప్పేది మనమేగా." కొత్త డబ్బా అంచున రబ్బరు చుట్టు ఉంటుంది. దానికి వేలితో కొత్త నూనె రాసేది. పిల్లల నెత్తికి నూనె రాసినంత శ్రద్ధగా, చుట్టూ తిప్పి తిప్పి రాసేది.

మొన్న వసంతంలో వార్డులో ఎవర్నో లేపబోయి తన మణికట్టు బెణికింది. అప్పుడు మొదటిసారి మా అల్లుడు కారు కింద పడుకున్నాడు. పాతది తను ఎడమ చేత్తోనే ఎలాగో విప్పింది. కొత్తది బిగించే పని అతనికి అప్పజెప్పింది. చెయ్యి పట్టదు కాబట్టి, డబ్బాకి టోపీలా పట్టే రెంచి ఒకటి ఉంది, దానికి పొడుగు కడ్డీ తగిలించి బిగించాడు. ఆ రోజు స్టీరింగ్ తిప్పేసి నేను లోపల వంటకి వెళ్ళిపోయాను. ఇద్దరూ మొహాల నిండా నల్లటి మరకలతో వచ్చి, ఒకరినొకరు చూసుకుని నవ్వుకోవడం మాత్రం గుర్తుంది.

చలికాలం రాకముందు మళ్ళీ నూనె మార్చాలని కారు ఎత్తింది. నూనె అంతా కిందికి దించేసింది. ఫిల్టర్ రాలేదు. టోపీ రెంచి పెడితే జారిపోయింది. జారి జారి డబ్బా అంచులు నున్నబడ్డాయి. గరుకు కాగితం చుట్టి తిప్పింది. పటకా లాంటిది వేసి లాగింది. రాలేదు. "స్క్రూడ్రైవర్ గుచ్చి తిప్పొచ్చుగా?" అన్నాను, ఎవరో ఫోన్‌లో అలా చేస్తుంటే చూసి. "చిరిగితే ముక్కలు లోపలుండిపోతాయమ్మా" అంది. ఆ వారమంతా డ్యూటీ నుంచి రాగానే బట్టలు మార్చుకుని కిందకి దూరేది. పాదాలు ఒకదాన్నొకటి పట్టుకునే ఉండేవి.

ఆ శనివారం నేను చర్చి వంటగదిలో ఉన్నాను, స్త్రీల కూడిక విందుకి వండుతున్నాం కదా, మీకు గుర్తుండే ఉంటుంది. అల్లుడు ఆఫీసు పని మీద బయటున్నాడు. నేను తిరిగొచ్చేసరికి మా అమ్మాయి సింకు దగ్గర పంచదార, సబ్బు కలిపి చేతులు రుద్దుకుంటోంది. మసి అలాగైతేనే వదులుతుందట. తనలో తనే నవ్వుకుంటోంది.

"ఏమైంది, ఊడిందా?" అన్నాను.

"రేపు నీతో పనుందమ్మా."

"నాతో ఏం పనే?"

"చర్చి నుంచి వచ్చాక చెప్తాగా. ముందు అన్నం పెట్టు, నీ చీరంతా చేపల పులుసు వాసన, చంపేస్తున్నావ్."

నిలబడే తింది. ఎప్పుడూ అంతే, సింకు పక్కన నిలబడి, గిన్నె చేత్తో పట్టుకుని.

ఆదివారం పొద్దున సాక్సులు తొడుక్కుంటూ "తల పగిలిపోతోందమ్మా" అని గోడకి ఆనుకుంది. ఆ తర్వాత నాతో మాట్లాడలేదు. మెదడులో ఒక నరం పుట్టినప్పటి నుంచీ పలచగా ఉందని, అది ఏ రోజైనా తెగి ఉండేదని డాక్టరు చెప్పాడు. మంచి డాక్టరు. కూర్చుని, నా చెయ్యి పట్టుకుని చెప్పాడు. అల్లుడు పక్కనుండి తెలుగులో నాకు చెప్పాడు. చెబుతూ చెబుతూ ఒకచోట ఆగిపోయాడు. ఏడుపు వచ్చిందనుకున్నాను.

ఆ తర్వాత మా గరాజ్ తలుపు తెరుచుకోలేదు. అల్లుడు తన కారు బయటే వీధి పక్కన పెట్టేవాడు. పొద్దున్నే అద్దం మీద మంచు గీక్కునేవాడు గాని గరాజ్ వైపు వెళ్ళేవాడు కాదు. దుఃఖం కదా, ఎవరి దారి వాళ్ళది అనుకుని ఊరుకున్నాను.

ఒకరోజు కాఫీ ఇస్తే కప్పు చేతిలో పట్టుకుని చెప్పాడు. "అత్తమ్మా, శనివారం ఒకాయన వస్తడు. కారు తీస్కపోతడు."

"ఏ కారు బాబూ?"

"ఆమె కారు."

"బాగుచెయ్యడానికా?"

"కాదత్తమ్మా. పార్ట్స్ అన్ని ఇప్పి అమ్ముకుంటరు వాళ్ళు."

"పిన్నినా?" అన్నాను.

అతను కప్పు బల్ల మీద పెట్టాడు. "దాన్ని చూస్తే నాకు పానం పోతది. ఆ ఫిల్టర్ బిగించింది నేనే అత్తమ్మా. చేత్తోటి పట్టినంత చాలన్నది. నేను ఇనలే. నైట్ డ్యూటీ చేసి ఒక్కతే వస్తదాయె, హైవే మీద ఆయిల్ కారితే ఎట్ల అని భయమైంది. నా బలమంత పెట్టి బిగించిన. వారం దినాలు దాంతోటి కొట్లాడింది. నన్ను ఒక్క మాట అనలే. నవ్వింది. గంత బిగబట్టి గుంజి గుంజి, ఆ నరం..."

"డాక్టరు చెప్పాడుగా బాబూ. పుట్టుకతో ఉన్నదని నువ్వే నాకు చెప్పావు."

"చెప్పిండు. సమజైంది. లోపలికి పోతలేదు, అంతే."

ఆసుపత్రిలో అతను ఎక్కడ ఆగిపోయాడో అప్పుడు తెలిసింది నాకు. అతను చెప్పిన దాంట్లో తప్పు పట్టడానికి కూడా ఏమీ లేదు. తన భార్య క్షేమంగా ఇంటికి రావాలని బిగించాడు. అలాగని అతని మనసులో దిగిన ముల్లు నా మాటతో వస్తుందా? కాఫీ చల్లారిపోయింది.

శుక్రవారం మధ్యాహ్నం గరాజ్‌లోకి వెళ్ళాను. కారు వెళ్ళిపోయేలోపు కాసేపు దాని పక్కన కూర్చుందామని, అంతే. అన్నీ తను వదిలేసినట్టే ఉన్నాయి. ప్లాస్టిక్ కుర్చీ, నా చాట, స్టాండ్ల మీద కారు, కింద అట్ట. ఆ అట్టనే చూస్తూ కూర్చున్నాను. దాని మీద, ఒక పక్కగా, నల్లటి మరక ఉంది. నూనె దించిన పళ్ళెం అటు ఉంది, ఈ మరక ఇటు ఉంది. మరక నడిమధ్య తడిగా మెరుస్తోంది.

ఇన్ని వారాలైనా తడి ఎందుకుంది?

వంగి టార్చి వేశాను. పైన ఫిల్టర్ డబ్బా అంచున ఒక చుక్క వేలాడుతోంది. చూస్తుండగానే రాలింది. మళ్ళీ ఇంకొకటి ఊరడం మొదలుపెట్టింది. నాకు ఇంజన్ల సంగతి తెలియదు గాని నూనె సీసాల సంగతి తెలుసు. మూత గట్టిగా ఉన్న సీసా కారదు. బలమంతా పెట్టి బిగించిన డబ్బా ఎందుకు కారుతోంది?

లోపలికి వెళ్ళి అల్లుణ్ణి పిలిచాను. ఆ రోజు ఇంటి నుంచే పని చేస్తున్నాడు. చెవుల్లో పెట్టుకున్నవి తీసి "మీటింగ్‌ల ఉన్న అత్తమ్మా" అన్నాడు.

"మీటింగ్ ఆగుతుంది బాబూ. ఆ చుక్క ఆగేలా లేదు."

ఏ చుక్కో అర్థం కాక నా వెనకే వచ్చాడు. గరాజ్ గుమ్మంలో మాత్రం ఆగిపోయాడు. నేను అప్పటికే నా రెండు గాజులూ తీసి చాటలో పెట్టి, అట్ట మీద కూర్చుని, వెల్లకిలా వాలుతున్నాను.

"అత్తమ్మా! మీ నడుము..."

"నా నడుము సంగతి నేను చూసుకుంటా. నువ్వు లైటు పట్టు."

వచ్చి మోకాళ్ళ మీద కూర్చుని లైటు పట్టాడు. కారు కింద ఆకాశం చాలా దగ్గరగా ఉంటుంది, అంతా ఇనుమే. తను ఇన్ని శనివారాలు చూసింది ఇదా అనుకున్నాను. బొటనవేలు మడిచి, చిటికెన వేలు దగ్గరికి లాగి, చెయ్యి ముడిచి ఆ గొట్టాల సందులోకి పోనిచ్చాను. మణికట్టు గీసుకుంది. దూరింది. వేళ్ళకి డబ్బా తగిలింది. అంచులు నున్నగా ఉన్నాయి. కొసవేళ్ళతో పట్టి తిప్పాను.

తిరిగింది.

"బాబూ, ఇది తిరుగుతోంది."

"ఏంది?"

"డబ్బా. వదులుగా ఉంది."

"కాదత్తమ్మా. అది రాదు."

"నా వేళ్ళలో బలమెంత నాయనా? వాటికే తిరుగుతోంది. నువ్వు బిగించింది తను విప్పేసింది. ఆ శనివారమే విప్పేసింది."

లైటు పక్కకి తిరిగింది. నీడలన్నీ కదిలాయి. తర్వాత చిన్న గొంతుతో, "మరి నాకెందుకు చెప్పలే?" అన్నాడు.

"నాకూ చెప్పలేదు. రేపు నీతో పనుంది అని మాత్రం అంది."

ఆ మాట నా నోటి నుంచి వస్తుండగానే ఆ పనేమిటో నా కళ్ళెదురుగా కనబడింది. డబ్బా వదులైంది గాని కిందికి దిగే దారి లేదు. దానికి అడ్డంగా ఒక లావు కడ్డీ ఉంది. ఆ కడ్డీ రెండు చక్రాల వైపూ పోతోంది. నూనెతో నిండిన డబ్బాని ఒక చేత్తో ఒరిగిపోకుండా పట్టుకుని ఉంటే, ఇంకొకరు పైన కూర్చుని స్టీరింగ్ తిప్పాలి. ఇన్నాళ్ళూ తిప్పిన మనిషిని నేనే. ఆ శనివారం నేను చర్చిలో వంట చేస్తున్నాను, ఆ తర్వాతి రోజు నాతో తనకున్న పని ఇదే.

"బాబూ, లోపల కూర్చో. స్టీరింగ్ తిప్పాలి."

"నేనా?"

"నేనిక్కడున్నాను కదా."

అతను ఆ సీట్లో ఎప్పుడూ కూర్చోలేదు. తలుపు తెరుచుకున్న చప్పుడు, సీటు స్ప్రింగులు కిర్రుమన్న చప్పుడు వినబడ్డాయి. నేను తొందరపెట్టలేదు.

"ఎటు తిప్పాలె అత్తమ్మా?"

"ఎడమకి. ఇంకా. ఆగు. ఇప్పుడు కుడికి, మెల్లిగా."

కడ్డీ పక్కకి జరిగింది. నేను పై నుంచి తిప్పినన్నాళ్ళూ కింద జరుగుతున్నది ఇదన్నమాట. ఎవరికో తోవ ఇచ్చినట్టు ఎంత నెమ్మదిగా జరుగుతుందో! డబ్బాని చివరి చుట్టు తిప్పాను. బరువుగా నా అరచేతిలోకి దిగింది. నూనె మోచేతి దాకా కారి రవికలోకి పోయింది. చల్లగా ఉంది.

నేను బయటికి పాకేసరికి అతను దిగి వచ్చి డబ్బాని గుడ్డతో అందుకున్నాడు. వెలుతురులో తిప్పి తిప్పి చూశాడు. అంచు చుట్టూ గీతలు, రెంచి జారిన గుర్తులు. అన్నీ చూశాక నేల మీద కూలబడి, భూస్థాపన నాడు కూడా ఏడవని మనిషి, పిల్లాడిలా ఏడ్చాడు.

"గెలిచింది అత్తమ్మా. ఆమెనే గెలిచింది."

"గెలిచింది. నీ బలం ఒట్టిదే బాబూ."

ఏడుస్తూ ఏడుస్తూనే నవ్వు వచ్చిందతనికి. నాకూ వచ్చింది. ఆ ఇంట్లో మేమిద్దరం కలిసి నవ్వడం తను పోయాక అదే మొదలు. ఆ నరం సంగతి మళ్ళీ మేమెవరం ఎత్తలేదు. ఎత్తాల్సిన పని లేకపోయింది.

కారు తీసుకుపోయే ఆయనకి అతనే ఫోన్ చేశాడు. లేదండీ, ఇవ్వడం లేదు అని ఇంగ్లీషులో రెండే ముక్కలు చెప్పి పెట్టేశాడు.

శనివారం ఇద్దరం మళ్ళీ గరాజ్‌లోకి వెళ్ళాం. కొత్త ఫిల్టర్ తను కొని పెట్టిందే ఉంది. పాత రబ్బరు చుట్టు ఇంజన్‌కే అంటుకుని ఉండిపోలేదు కదా అని అల్లుడు టార్చి వేసి రెండుసార్లు చూపించమన్నాడు, ఎక్కడో చదివాడట, అలా ఉండిపోతే నూనెంతా బయటికి కొట్టేస్తుందని. కొత్త రబ్బరుకి అతనే వేలితో నూనె రాశాడు. తనంత బాగా కాదు గాని రాశాడు. నేను చెయ్యి ముడిచి బిగించాను.

"గట్టిగ బిగించిన్రా?" అన్నాడు స్టీరింగ్ దగ్గర్నుంచి.

"చేత్తో పట్టినంత."

నేను బయటికి వచ్చేసరికి అతను రెంచి వైపు ఒకసారి చూశాడు, అంతే.

కొత్త నూనె పోశాం. స్టాండ్లు తీసి కారుని నేల మీదికి దించాం. బ్యాటరీ చచ్చిపోయి ఉంటే తన కారు తెచ్చి వైర్లు కలిపాడు. గరాజ్ తలుపు పైకెత్తి అతను స్టీరింగ్ దగ్గర, నేను పక్క సీట్లో కూర్చున్నాం. తాళం తిప్పితే ఒకసారి దగ్గింది. రెండోసారి ఇల్లంతా అదిరేలా లేచింది. కానీ ఆ చప్పుడులో ఏదో తేడా ఉంది, గిన్నెలో గులకరాళ్ళు వేసి ఊపినట్టు.

అల్లుడు స్టీరింగ్ వెనక గాజు కిందున్న ఒక చిన్న గుండ్రటి మీటరుని వేలితో చూపించాడు. నూనె ఇంజనంతా పారుతోందో లేదో అది చెబుతుందట. కొత్త ఫిల్టర్ ఖాళీగా ఉంటుంది, అది నిండేదాకా ముల్లు లేవదట, ఆ చప్పుడూ పోదట. ముల్లు అడుగున పడుకుని ఉంది.

"ఆపాల్నా అత్తమ్మా?" చెయ్యి తాళం మీద పెట్టాడు.

"ఆగు."

గులకరాళ్ళ చప్పుడు. ఇద్దరం ముందుకి వంగాం. నా తల అతని భుజానికి తగులుతోంది. ఆ సన్నటి తెల్లటి ముల్లు అక్కడే ఉంది, అక్కడే ఉంది. తర్వాత నిద్రలో ఎవరో పిలిస్తే కదిలినట్టు ఒక్కసారి ఉలిక్కిపడింది. వణుకుతూ, ఆగుతూ, మెల్లిమెల్లిగా లేవడం మొదలుపెట్టింది.